కరెంటు లేని తోటలో మైక్ సెట్: బ్యాటరీ సౌండ్ బాక్స్ మనమే కట్టుకుందాం

[తెర మీద: మామిడి తోట, పరిచిన టార్పాలిన్లు, ఒక పక్క పొయ్యి మీద గుండిగ. చెట్టు కింద రెండు నల్ల బాక్సులు.]

నమస్తే అండీ. కార్తీక మాసం వచ్చిందంటే వనభోజనాలు. ఉసిరి చెట్టు కింద వంటలు, పిల్లల ఆటలు, అంత్యాక్షరి, మధ్యలో ఎవరో పెద్దాయన లేచి నాలుగు మాటలు. 80, 100 మంది వస్తారు. తోటలో కరెంటు ఉండదు. జనరేటర్ తెస్తే పాట కన్నా దాని మోతే ఎక్కువ. సరే, ట్రాలీ స్పీకర్ కొందామని షాపుకి వెళ్తే దాని మీద "పీఎంపీఓ 10,000 వాట్లు" అని పెద్ద స్టిక్కర్. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఆ పీఎంపీఓ అనే అంకెకి ఏ కొలతా లేదు, ఎవరికి తోచింది వాళ్లు వేసుకోవచ్చు. ఇంటి మిక్సీయే 500, 750 వాట్లు లాగుతుంది. చేత్తో లాక్కెళ్లే డబ్బా 10,000 వాట్లు ఎక్కణ్నుంచి తెస్తుంది?

ఈ వీడియోలో మనం కట్టేది మొత్తం 60 వాట్ల సెట్. నిజం 60. ఆ తోటకి అది చాలు. ఎందుకు చాలో ముందు చూద్దాం, ఎందుకంటే డబ్బు ఎక్కడ పెట్టాలో తేలేది అక్కడే.

[తెర మీద: రెండు స్పీకర్ల వెనక లేబుళ్లు దగ్గరగా. ఒకదాని మీద 86 డీబీ, ఇంకోదాని మీద 96 డీబీ.]

స్పీకర్ కొనేటప్పుడు అందరూ వాట్లు చూస్తారు. మీరు సెన్సిటివిటీ చూడండి. అంటే 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ (డీబీ, శబ్దాన్ని కొలిచే లెక్క) వస్తుందని. కారు డిక్కీలో పెట్టే సబ్‌ఊఫర్లు చాలావరకు 86, 87 దగ్గర ఉంటాయి. సభలకి వాడే 10 ఇంచ్‌ల పీఏ స్పీకర్లు 95, 96 ఇస్తాయి. పదే కదా తేడా అనుకోకండి. డెసిబెల్స్‌లో 10 తేడా అంటే పవర్‌లో పదింతలు. 96 స్పీకర్ 30 వాట్లతో చేసే శబ్దాన్ని 86 స్పీకర్ చేయాలంటే 300 వాట్లు పోయాలి. ఇంట్లో ప్లగ్గు ఉంటే పోస్తాం. బ్యాటరీ మీద అంత పోయడం ఎవరి తరం?

ఇంకో లెక్క. ఆరుబయట గోడలుండవు కాబట్టి, దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి. 96 స్పీకర్‌కి 30 వాట్లు ఇస్తే మీటర్ దూరంలో సుమారు 111. అదే 16 మీటర్ల దూరంలో 87. పాటలో ఎప్పుడూ ఫుల్ పవర్ ఉండదు, సగటున ఇంకో 10 తగ్గించుకోండి, 77. మామూలుగా మాట్లాడుకునే గొంతు మీటర్ దూరంలో 60 దగ్గర ఉంటుంది. అంటే వెనక చాప మీద కూర్చున్న పెద్దమ్మకి కూడా పాట బాగా వినిపిస్తుంది, ముందున్న వాళ్ల చెవులకి చిల్లులు పడవు.

డెన్మార్క్‌లో రోస్కిల్డె సంగీతోత్సవానికి వెళ్లే కుర్రాళ్లు గుడారాల దగ్గర సొంతంగా బ్యాటరీ బాక్సులు కట్టుకునేవాళ్లు. సౌండ్‌బోక్స్ అనే కంపెనీ పుట్టింది ఆ వాతావరణంలోనే. అక్కడైనా ఇక్కడైనా బ్యాటరీ బాక్స్ అంటే ముందు తక్కువ పవర్‌కే గట్టిగా పలికే స్పీకర్ కావాలి.

ఇప్పుడు ఆంప్లిఫైయర్. క్లాస్ డీ రకమే తీసుకోండి, వేడి రూపంలో బ్యాటరీని తినదు. టీపీఏ 3116 అనే ఐసీ (చిప్) ఉన్న బోర్డులు తేలిగ్గా దొరుకుతాయి. దీన్ని 12 వోల్ట్ల బ్యాటరీకి తగిలిస్తే ఎంత పవర్ వస్తుందో చూడండి. వోల్టేజ్‌ని వర్గం చేసి, ఓమ్‌లకి రెట్టింపుతో భాగించాలి. 144ని 16తో భాగిస్తే 9. అంటే 8 ఓమ్‌ల స్పీకర్‌కి గట్టిగా 9 వాట్లు! అందుకే 12 వోల్ట్‌లు మనకి పనికిరావు. అదే 22.4 వోల్ట్‌లు ఇస్తే 31 వాట్లు. రెండు ఛానళ్లు, రెండు బాక్సులు, మన 60 వచ్చేసింది.

[తెర మీద: 7 సెల్స్ వరస. బోల్టు బిగిస్తున్న స్పానర్. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేప్ చుట్టి ఉంది.]

ఆ 22.4 ఎక్కడిదంటే, 7 లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్‌కి ఇంకోదాని మైనస్ కలుపుతూ. ఒక్కోటి 3.2 వోల్ట్‌లు. 8 పెడితే ఇంకా బాగుంటుంది కదా అంటారు. వద్దు. ఫుల్ చార్జ్‌లో ఒక్కో సెల్ 3.65 దాకా వెళ్తుంది, 8 సెల్స్‌కి 29.2 అవుతుంది. ఈ ఐసీ 26 వరకే నడవాలి. 7 సెల్స్‌కి 25.55, సరిగ్గా లోపల ఉంటుంది.

38120 సైజులో, 10 ఆంపియర్ అవర్, చివర్లో బోల్టులున్న సెల్స్ తీసుకోండి. స్పాట్ వెల్డింగ్ గొడవ ఉండదు, పట్టీలు పెట్టి నట్లు బిగించడమే. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ మాత్రం చేయకండి, వేడికి లోపల పాడవుతుంది. సిరీస్‌లో కలిపే ముందు అన్నిటినీ ప్యారలల్‌గా (ప్లస్‌లన్నీ ఒకవైపు, మైనస్‌లన్నీ ఒకవైపు) కలిపి ఒకే వోల్టేజ్‌కి తెచ్చుకోండి, లేకపోతే ఒక సెల్ ముందే నిండిపోయి మిగతావి సగంలోనే ఆగిపోతాయి.

ఈ 7 సెల్స్ బరువు సుమారు 2.3 కిలోలు, నిల్వ 224 వాట్ అవర్లు. దాదాపు అంతే బరువుండే 12 వోల్ట్‌లు, 7 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉండేది 84. అందులోనూ సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. మన సెట్ పాటలకి సగటున 15 వాట్లు లాగిందనుకున్నా, పొద్దున 7కి పెట్టిన సుప్రభాతం నుంచి సాయంత్రం సామాన్లు సర్దేదాకా నడుస్తుంది.

బీఎంఎస్, అంటే సెల్స్ మితిమీరి నిండకుండా, మరీ ఖాళీ అవకుండా కాపాడే బోర్డు, కొనేటప్పుడు జాగ్రత్త. "7 సెల్స్" అని మాత్రమే అడిగితే మామూలు లిథియం అయాన్‌ది చేతిలో పెడతారు. అది ఒక్కో సెల్‌ని 4.2 దాకా వెళ్లనిస్తుంది, మన సెల్స్ నాశనమే. ఐరన్ ఫాస్ఫేట్ అని గట్టిగా చెప్పి తీసుకోండి. చార్జర్ విషయంలో మాత్రం ఒక సుళువుంది. 6 లిథియం అయాన్ సెల్స్‌కి వాడే 25.2 వోల్ట్ల చార్జర్ ఎక్కడైనా దొరుకుతుంది. 25.2ని 7తో భాగిస్తే 3.6. మనకి సరిగ్గా సరిపోతుంది.

బ్యాటరీ ప్లస్ పక్కనే 10 ఆంపియర్ల కారు ఫ్యూజ్ పెట్టండి. పక్కనే అంటే పక్కనే, బాక్స్ అవతలి చివర కాదు.

బాక్స్ పని కార్పెంటర్‌కి ఇవ్వచ్చు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, లోపల అడ్డపట్టీ, అతుకులకి ఫెవికాల్. ఎన్ని లీటర్లు ఉండాలో స్పీకర్ డేటా షీట్‌లో ఉంటుంది. పైన సన్నటి శబ్దాలకి హార్న్ ట్వీటర్, ఆ శబ్దాల్ని విడదీసి దానికి పంపే క్రాసోవర్. గాలి లీక్ లేకుండా చూసుకుంటే చాలు.

[తెర మీద: బ్లూటూత్ మాడ్యూల్. వెనక సన్నటి కీచు శబ్దం వినిపించాలి.]

ఈ కీచు వినిపిస్తోందా? చాలామంది ఇక్కడే తల పట్టుకుంటారు. బ్లూటూత్ మాడ్యూల్‌కి 5 వోల్ట్‌లు అదే బ్యాటరీ నుంచి కన్వర్టర్ పెట్టి తీస్తారు. అప్పుడు కరెంటు గ్రౌండ్, ఆడియో గ్రౌండ్ రెండు దారుల్లో కలిసి చుట్టు ఏర్పడుతుంది, మాడ్యూల్ లోపలి డిజిటల్ రొద స్పీకర్‌లోకి వచ్చేస్తుంది. ఆంప్లిఫైయర్ పాడైందనుకుని కొత్తది కొంటారు, దాంట్లోనూ ఇదే కీచు. రెండు వైపుల గ్రౌండ్‌ని విడదీసే బీ 0505 ఎస్ అనే చిన్న ఐసొలేటెడ్ మాడ్యూల్ మధ్యలో పెడితే పోతుంది. అదీ వద్దనుకుంటే బ్లూటూత్‌కి ఒక పాత పవర్ బ్యాంక్ విడిగా ఇచ్చేయండి.

మైక్ సంగతి. బాక్సులు మాట్లాడేవాళ్ల కన్నా ముందు, జనం వైపు తిరిగి, స్టాండ్ల మీద తలల ఎత్తు దాటి ఉండాలి. నేల మీద పెడితే ముందు వరసే మాటల్ని మింగేస్తుంది. మైక్ కుయ్యిమని అరిస్తే వాల్యూమ్ తగ్గించే ముందు పట్టుకున్న చెయ్యి చూడండి. జాలీని గుప్పిట్లో మూసి పట్టుకున్నారంటే, ముందు వైపే వినాల్సిన మైక్ అన్ని వైపులా వినడం మొదలుపెడుతుంది. పాడేవాళ్లలో సగం మందికి ఈ అలవాటే. కిందికి పట్టుకోమనండి, అరుపు ఆగుతుంది.

బ్యాటరీ సెట్టే కదా అని రాత్రి దాకా సాగదీయకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కి ముందే రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట వాడకూడదు. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించిన చోట పగలు కూడా కుదరదు.

వనభోజనాలు అయిపోయాక ఈ సెట్‌ని నెలల తరబడి అటక మీద పెడతాం. ఫుల్ చార్జ్ చేసి పెట్టకండి, సగం ఉంచండి. ఫ్యూజ్ పీకి బాక్స్ వెనక టేప్‌తో అంటించేయండి. అయినా సెల్స్‌కి నేరుగా కలిపిన బీఎంఎస్ కొంచెం కొంచెంగా లాగుతూనే ఉంటుంది. అందుకని మూడు నెలలకోసారి మల్టీమీటర్ పెట్టి చూడండి. 21 వోల్ట్‌ల కిందికి దిగితే ఒక గంట చార్జింగ్ పెట్టండి.