ఇంగ్లిష్ జాతీయాలు: అర్థం ఒక్కటీ చాలదు

హోస్ట్: నమస్కారమండీ. మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. మొన్న ఇడియమ్స్ అని రెండు పేజీల జాబితా తెచ్చుకుంది. ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు అర్థం, మొత్తం నలభై. రాత్రి కూర్చుని అన్నీ వల్లె వేసింది. తెల్లారి అడిగితే పది కూడా చెప్పలేకపోయింది. అందుకే ఇవాళ ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ చెప్పే టీచర్ గారిని పిలిచాను. మేడం, ఈ జాబితాలతో లాభం ఉందంటారా?

టీచర్: పరీక్షకు పనికొస్తాయేమోనండీ, నోటికి మాత్రం రావు. నేనూ చాలా ఏళ్లు జాబితాలే ఇచ్చాను. ఒక పిల్లాడి నోట్‌బుక్ చూశాక మానేశాను.

హోస్ట్: ఏం రాశాడు?

టీచర్: మీకు ఇష్టమైన మనిషి గురించి రాయమన్నాను. వాడు వాళ్ల తాతయ్య గురించి రాశాడు. సైకిల్ నేర్పించడం, రాత్రిళ్లు కథలు చెప్పడం, అంతా ఎంతో ప్రేమగా. చివరి వాక్యం, 'లాస్ట్ ఇయర్ మై గ్రాండ్‌ఫాదర్ కిక్డ్ ద బకెట్.'

హోస్ట్: అయ్యో.

టీచర్: నేనిచ్చిన కాగితంలో దాని పక్కన 'చనిపోవడం' అని ఉంది. వాడు నమ్మి రాశాడు, తప్పు నాది. మనం 'బాల్చీ తన్నేశాడు' అంటాం చూడండి, అదీ దీని బరువు. ఇంత ఇష్టమైన తాతయ్యను ఎవరైనా అలా అంటారా? ఈ మాట 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన తెచ్చిన నిఘంటువులో కనబడుతుంది. అది మర్యాద భాషకు కాదు, వీధి భాషకు వేసిన నిఘంటువు. పుట్టిన దగ్గర్నుంచీ అది మోటు మాటే. ఆ సంగతి జాబితాలో ఉండదు. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటారో తెలియకపోతే అర్థం తెలిసీ లాభం లేదు.

హోస్ట్: మరిప్పుడు ఎక్కడ మొదలుపెడుతున్నారు?

టీచర్: తెలుగులో. మొదటి రోజు ఇంగ్లిష్ ఊసే ఎత్తను. 'వాడు గోడ మీద పిల్లి' అని బోర్డు మీద రాసి, పిల్లి ఏ రంగులో ఉందని అడుగుతాను. క్లాసంతా నవ్వుతుంది. పిల్లి లేదు మేడం, ఎటూ తేల్చుకోలేనివాడని అర్థం అంటారు. చూశారా, జాతీయం అంటే ఏమిటో వాళ్లకు ముందే తెలుసు! అప్పుడు 'సిట్టింగ్ ఆన్ ద ఫెన్స్' చెబితే వెంటనే అందుకుంటారు. వాళ్లది కంచె, మనది గోడ.

హోస్ట్: అన్నింటికీ అలా జోడీలు దొరుకుతాయా?

టీచర్: దొరకవు, కానీ దొరికినవి బాగుంటాయి. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' తీసుకోండి. మనం 'అమావాస్యకో పున్నానికో' అంటాం. ఇద్దరూ చంద్రుణ్ణే చూశారు! ఒకే నెలలో రెండు పౌర్ణములు పడితే రెండోదాన్ని ఇప్పుడు బ్లూ మూన్ అంటున్నారు. దాదాపు రెండున్నర ఏళ్లకోసారి వస్తుంది. 2023 ఆగస్టులో వచ్చింది. ఆ రోజు చంద్రుడు నీలంగా ఉంటాడా అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అడుగుతారు. ఉండడు.

హోస్ట్: 'పీస్ ఆఫ్ కేక్'కి మా ఇంట్లో 'కొట్టిన పిండి' అని చెప్పాను. సరేనా?

టీచర్: దగ్గరగా ఉంది కానీ అదే కాదు. కొట్టిన పిండి అంటే మనకు బాగా అలవాటైన పని, ఆరితేరిన విద్య. పీస్ ఆఫ్ కేక్ అంటే పనే తేలిక, మొదటిసారి చేసేవాడికి కూడా. 'మంచినీళ్లు తాగినంత సులువు' అనండి, సరిపోతుంది. నన్నడిగితే ఈ తేడా వెతకడమే అసలు పాఠం. పిల్లలు దీని మీద గంటసేపు వాదించుకుంటారు, నేను ఆపను.

హోస్ట్: 'ఇట్స్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' గురించి ఒక కథ విన్నాను. పూర్వం గడ్డి కప్పుల మీద పడుకున్న జంతువులు వానకు జారి కింద పడేవని...

టీచర్: ఆ కథకు ఆధారం లేదండీ, ఇంటర్నెట్‌లో తిరిగి తిరిగి నిజమైపోయింది. ఆ మాట అసలెలా పుట్టిందో తేలలేదు. జొనాథన్ స్విఫ్ట్ అనే రచయిత 1738లో ఒక సంభాషణల పుస్తకం వేశాడు. జనం వాడి వాడి అరగదీసిన మాటలన్నీ ఏరి అందులో పెట్టాడు. వాటిలో ఇదీ ఉంది. అంటే అప్పటికే పాతబడ్డ మాటన్నమాట! మనం ఇంకా మొదటి పాఠంలో అదే నేర్పుతున్నాం. ఎవరైనా అంటే అర్థమైతే చాలు. కుండపోతగా కురుస్తుంటే 'ఇట్స్ పోరింగ్' అనమని చెబుతాను.

హోస్ట్: వ్యాకరణంలో ఇబ్బంది పడరా?

టీచర్: పడతారు. కాలం మార్చుకోవచ్చు, మాటలు మార్చకూడదు. బకెట్ తీసేసి 'కిక్ ద పెయిల్' అంటే నిజంగా బాల్చీని తన్నినట్టే. 'ద బకెట్ వాజ్ కిక్డ్' అని తిప్పినా అంతే, చావు మాయమైపోతుంది. కానీ రహస్యం బయటపెట్టడాన్ని 'స్పిల్ ద బీన్స్' అంటారు కదా, దాన్ని 'ద బీన్స్ వర్ స్పిల్డ్' అని తిప్పొచ్చు. అక్కడ బీన్స్ అంటే రహస్యం, స్పిల్ అంటే బయటపెట్టడం అని విడదీసుకోవచ్చు. బకెట్‌ని ఏమని విడదీస్తాం?

హోస్ట్: ఇది నాకూ తెలియదు. సరే, నలభై ఉన్న కాగితం ఇంట్లో ఉంది. ఏం చేయమంటారు?

టీచర్: ఐదు ఏరుకోమనండి. అర్థం ఉన్న వైపు మూసేయండి. ఆ మాట వచ్చే రెండు మూడు వాక్యాల సంభాషణ మీరు చదివి వినిపించండి, అర్థం తనని ఊహించనివ్వండి. తప్పు చెప్పినా వెంటనే దిద్దకండి, ఇంకో వాక్యం ఇవ్వండి. ఆ తర్వాత తన జీవితంలో జరిగిన ఒక సంఘటనతో కలిపి రాసుకోమనండి. ఊరికే వాక్యం రాస్తే చాలదు, ఎవరు ఎవరితో అన్నారో కూడా ఉండాలి.

హోస్ట్: నిన్న స్టేజి ఎక్కే ముందు, 'నాన్నా, కడుపులో ఏదో తిరుగుతున్నట్టుంది' అంది. భయం కాదట, ఏదోలా ఉందట.

టీచర్: ఇంకేం, మొదటిది దొరికింది! 'బటర్‌ఫ్లైస్ ఇన్ ద స్టమక్.' కంగారు పడితే కడుపుకి వెళ్లే రక్తం తగ్గుతుంది, ఆ రెపరెపలో దానికీ పాత్ర ఉంది. మనం 'గుండెల్లో రైళ్లు పరిగెడుతున్నాయి' అంటాం. అది దీనికి సరిపోతుందో లేదో మీరు చెప్పకండి, తననే అడగండి.

హోస్ట్: రైళ్లంటే బాగా భయపడ్డప్పుడు కదా?

టీచర్: అదిగో, మీరే చెప్పేస్తున్నారు.