అవసరం లేకున్నా చెయ్యి ఎందుకు పోతుంది? క్లెప్టోమేనియాలో టెన్షన్ సంగతి

[విజువల్: సూపర్‌మార్కెట్, హెయిర్ క్లిప్పుల ర్యాక్]

పర్సులో రెండు వేలున్నాయి, ఎదురుగా ఉన్నది ఇరవై రూపాయల క్లిప్పు, ఇంట్లో అలాంటివి ట్యాగు కూడా తియ్యకుండా బీరువాలో చీరల వెనకాల డజను పడున్నాయి. అయినా ఆవిడ అరచేతులకి చెమట, గుండె దడ, అది బ్యాగులో పడేదాకా వేరే ధ్యాస లేదు. పడింది, హమ్మయ్య. ఆటో ఎక్కేసరికి ఆ హమ్మయ్య కాస్తా పోయి "ఛీ, మళ్ళీ ఇదే పని" అని ఏడుపు.

ఆవిడ నేను కల్పించిన మనిషే, లక్షణాలు మాత్రం అసలువే. అవసరం లేకపోయినా వస్తువులు దొంగిలించాలన్న కోరికని ఆపుకోలేకపోయే ఈ మానసిక జబ్బు పేరే క్లెప్టోమేనియా. మానసిక జబ్బుల నిర్ధారణకి డాక్టర్లు వాడే డీఎస్‌ఎం-5లో కూడా ఇదే ఉంటుంది: తీసే ముందు టెన్షన్ పెరుగుతూ పోవడం, తీసేటప్పుడు ఊరటో ఆనందమో కలగడం, వస్తువు అవసరానికో డబ్బుకో కాకపోవడం. కోపంతో, కక్షతో తీస్తే ఈ లెక్కలోకి రాదు. జనాభాలో ఇది 0.3 నుంచి 0.6 శాతం మందికి ఉండొచ్చని అంచనా, ఆడవాళ్ళలో మూడింతలు ఎక్కువ. షాపుల్లో పట్టుబడ్డవాళ్ళలో ఎక్కువమందికి ఈ జబ్బు ఉండదు, కాబట్టి దొరికిన ప్రతివాళ్ళూ దీని పేరు చెప్తే కుదరదు.

[విజువల్: గుండ్రంగా తిరిగే బాణాలు]

ఇప్పుడు అసలు విషయం. ఆఫీసులో గొడవ, అత్తగారింట్లో మాట పట్టింపు, నిద్రలేని రాత్రులు, వీటితో ఒత్తిడి పెరిగితే కోరికా పెరుగుతుంది, ఎందుకంటే తీసిన క్షణంలో వచ్చే ఊరటకి మెదడు అలవాటు పడిపోయింది. ఆ తర్వాత సిగ్గు, దొరికిపోతానన్న భయం, మొగుడికి కూడా చెప్పుకోలేని రహస్యం, అదంతా మళ్ళీ ఒత్తిడే కదా! పెళ్ళింట్లో "దానికి చేతివాటం, బీరువా తాళం వెయ్యండి" అని గుసగుసలాడే చుట్టాలు ఆ మంటలో ఇంకాస్త నెయ్యి పోస్తారు. తిట్టి కొట్టి మాన్పించొచ్చనుకోవడం నా దృష్టిలో శుద్ధ దండగ.

మరి వైద్యం? సీబీటీ అనే మాటల చికిత్స ఉంది. అందులో ఒక పద్ధతి చెప్తా: కోరిక పుట్టగానే సెక్యూరిటీ అతను నలుగురి ముందు బ్యాగు తెరిపిస్తున్నట్టు, తెలిసినవాళ్ళు చూస్తున్నట్టు ఊహించుకోమంటారు, అలా చేయగా చేయగా ఆ పని మీద మోజు తగ్గుతుంది. మద్యం మాన్పించడానికి ఇచ్చే నాల్ట్రెక్సోన్ కూడా వాడతారు. 2009లో అమెరికాలో 25 మంది మీద 8 వారాలు చేసిన పరీక్షలో అది ఉత్తుత్తి మాత్ర కంటే బాగా పనిచేసింది. చిన్న పరీక్షే. పైగా లివర్ చూసుకుంటూ ఇవ్వాల్సిన మందు, సొంతంగా కొనుక్కోకండి.

జబ్బు ఉంది కదా అని కేసు దానంతటదే పోదు, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303 కింద దొంగతనం దొంగతనమే.

దీంతోపాటు డిప్రెషన్, చచ్చిపోవాలన్న ఆలోచనలు కూడా ఉంటే ఇవాళే 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఏం తీశారో ఆ లిస్టు ఒక్కటే కాదు, ప్రతిసారీ దానికి ముందు రోజు ఏం జరిగిందో కూడా రాసుకెళ్ళండి.