చాటింపా, ఎగరేసిన హెచ్చరికా?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట బీచ్ రోడ్డు వదిలేసి బ్రాడ్‌కాస్ట్ రిసీవర్ల గురించి, అంటే ఆండ్రాయిడ్ వేసే చాటింపుల్ని యాప్‌లో కూర్చుని వినే ముక్కల గురించి వినడానికి వచ్చారంటే మీకూ ఎక్కడో దెబ్బ తగిలే ఉంటుంది. నాకు అరకు రైల్లో తగిలింది.

ఒక హోల్‌సేల్ వ్యాపారికి ఆర్డర్లు రాసుకునే ఆండ్రాయిడ్ యాప్ చేశాను. సిగ్నల్ లేనిచోట ఆర్డరు కొడితే ఫోన్‌లో దాచి, నెట్ రాగానే సర్వర్‌కి పంపాలి. ఆఫీసులో వైఫై ఆపి, మళ్ళీ వేసి చూస్తే బ్రహ్మాండం. సేల్స్ కుర్రాడు అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ పాసింజర్ ఎక్కాడు. ఆ లైను సంగతి మీకు చెప్పాలా, కొండ ఎక్కడం మొదలయ్యాక సొరంగం మీద సొరంగం, నెట్ పోతుంది, వస్తుంది, మళ్ళీ పోతుంది. సాయంత్రానికి ముప్పై కార్టన్ల సబ్బుల ఆర్డరు నాలుగుసార్లు పడింది. వ్యాపారి ఫోన్ చేసి, "ఏటి బాబూ, అరకులో అందరూ ఒక్కరోజే స్నానాలు చేసేస్తారేటి?" అన్నాడు.

ఆర్డర్ స్క్రీన్ తెరిచిన ప్రతిసారీ అప్లికేషన్ కాంటెక్స్ట్‌తో, అంటే యాప్ బతికున్నంతసేపూ ఉండేలా, కొత్త రిసీవర్ రిజిస్టర్ చేశాను, తీసేసే లైను రాయలేదు. ఆ ఒక్క స్క్రీన్‌కే కట్టుబడే యాక్టివిటీ కాంటెక్స్ట్ వాడుంటే స్క్రీన్ పోయినప్పుడు సిస్టమే తీసేసి, ఏం జరిగిందో రాసుకునే లాగ్‌లో నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేది. నాలుగుసార్లు తెరిచాడు, నలుగురు రిసీవర్లు కాచుకుని కూర్చున్నారు, నెట్ రాగానే నలుగురూ పంపేశారు.

అది ఒక్క లైనుతో పోయింది. అసలు తప్పు వేరే.

తుపాను వస్తుందంటే ఇక్కడి పెదజాలారిపేటలో మైకు పెట్టి జాలర్లని వేటకి వెళ్ళొద్దని చెప్తారు. ఆ టైముకి ఊళ్ళో లేనివాడికి ఆ మాట అందదు. అదే పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారనుకోండి, దించేదాకా ఉంటుంది, అర్ధరాత్రి వచ్చినవాడు కూడా తలెత్తి చూసుకోవచ్చు. మెసేజ్ వచ్చింది, స్క్రీన్ ఆగింది, ఇవి చాటింపులు. నెట్ ఉందా, ఛార్జింగ్ ఎంత, ఇవి ఎగరేసిన హెచ్చరికలు. నేను రెండోదాన్ని మొదటిదిగా రాశాను.

బ్యాటరీది స్టిక్కీ బ్రాడ్‌కాస్ట్, అంటే చివరి మాట అతుక్కుని ఉండేది, రిసీవర్ ఇవ్వాల్సిన చోట నల్, అంటే ఖాళీ, ఇచ్చినా చివరి విలువ చేతిలో పెడుతుంది. నెట్ మారినప్పుడు సిస్టమ్ పిలిచే నెట్‌వర్క్ కాల్‌బ్యాక్ కూడా అంతే, డిఫాల్ట్ నెట్‌వర్క్‌కి రిజిస్టర్ చేసే సరికి నెట్ ఉంటే వెంటనే పిలుస్తుంది. పాత కనెక్టివిటీ బ్రాడ్‌కాస్ట్‌ని మ్యానిఫెస్ట్‌లో, అంటే యాప్ తన వివరాలు సిస్టమ్‌కి చెప్పుకునే ఫైల్లో, రాసి కూర్చుంటే 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7.0 నుంచే ఉలుకూ పలుకూ ఉండదు. 8.0లో మిగతా ఇంప్లిసిట్ వాటిలో, అంటే ఫలానా యాప్‌కని కాకుండా అందరికీ వేసేవాటిలో, చాలావాటికీ అదే గతి పట్టింది, బూట్ పూర్తయిందనేది లాంటి కొన్నిటిని వదిలారు. గూగుల్‌ని తిట్టుకున్నాం గానీ, ఒక్క చాటింపుకి ఫోన్‌లో ఉన్న యాప్‌లన్నీ నిద్ర లేస్తే బ్యాటరీ ఏమైపోవాలి?

యాప్ లోపల కూడా ఇదే గొడవ. యాప్ లోపలే చాటింపు వేసే లోకల్ బ్రాడ్‌కాస్ట్ మేనేజర్‌ని ఎప్పుడో డెప్రికేట్ చేశారు, అంటే ఇక వాడొద్దన్నారు, ఇప్పుడందరం విలువలు ఒకదాని తర్వాత ఒకటి అందించే ఫ్లోలే వాడుతున్నాం. "ఆర్డరు పంపాం" అన్న మాటని చివరి విలువని పట్టుకుని ఉండే స్టేట్‌ఫ్లోలో పెట్టండి, ఫోన్ అడ్డంగా తిప్పగానే మళ్ళీ కనిపిస్తుంది. పోనీ అని రీప్లే సున్నా ఉన్న, అంటే పాతదేదీ మళ్ళీ వినిపించని, షేర్డ్‌ఫ్లోలో పెట్టండి, ఆ క్షణానికి వినేవాడు లేకపోతే గాలికి పోతుంది. స్క్రీన్ కింద కాసేపు కనిపించే స్నాక్‌బార్ గాలికి పోతే నష్టం లేదు, ఆర్డరు పోతేనే టెన్షన్. అందుకే ఆర్డర్ని ఏ ఈవెంట్‌కీ అప్పజెప్పలేదు. ఫోన్‌లోనే ఉండే రూమ్ డేటాబేస్‌లో "పంపాలి" అని గుర్తుతో రాసి, నెట్ ఉన్నప్పుడే నడవాలని షరతు పెట్టి పనిని గుర్తుపెట్టుకుని వీలైనప్పుడు నడిపే వర్క్‌మేనేజర్‌కి ఒకే పేరుతో యూనిక్ వర్క్‌గా, అంటే ఆ పేరుతో ఒకసారికి ఒక్క పనే ఉండేలా, ఇచ్చాను. సర్వర్ వైపు ఒక్కో ఆర్డరుకి ఒక ఐడీ, అదే ఐడీ రెండోసారి వస్తే పక్కన పడేస్తుంది. ఇది మొదటిరోజే చేసుంటే ఆ వ్యాపారి ఫోన్ తప్పేది.

సరే, స్లైడ్లు చాలు. ఇదిగో నా ఫోన్, ఏరోప్లేన్ మోడ్ వేశాను, ఇప్పుడు ఆర్డరు కొడుతున్నాను, ముప్పై కార్టన్లే. వెనక ఉన్నవాళ్ళు ముందుకి రండి, లాగ్‌లో అక్షరాలు చిన్నవి.