2,80,428 రూపాయల మందు 8,880కి ఎలా వచ్చింది? పేటెంట్ చట్టంలో మన వాటా

[తెర మీద: తెల్లటి బల్ల, దాని మీద ఒక మాత్రల డబ్బా. కెమెరా దగ్గరికి వెళ్తుంది.]

నమస్కారం. ఈ డబ్బాలో 120 మాత్రలున్నాయి. పొద్దున రెండు, రాత్రి రెండు. అంటే ఒక నెలకు సరిపోతాయి. కాలేయ క్యాన్సర్, కిడ్నీ క్యాన్సర్ ముదిరినవాళ్లకు ఇచ్చే సొరాఫెనిబ్ అనే మందు ఇది. జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ దీన్ని నెక్సావర్ అనే పేరుతో అమ్మేది. అప్పట్లో మన దేశంలో నెల మందు ఖరీదు 2,80,428 రూపాయలు. జబ్బును పూర్తిగా తగ్గించే మందు కూడా కాదిది, మనిషిని ఇంకొన్ని నెలలు మన మధ్య ఉంచుతుంది. ఆ కొన్ని నెలల కోసం మామూలు కుటుంబం ఇల్లో పొలమో అమ్ముకోవాలి.

2012లో ఇదే మందును 8,880 రూపాయలకు మించకుండా అమ్మేందుకు హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మాకు అనుమతి వచ్చింది. అప్పటికి బేయర్ పేటెంట్ ఇంకా అమల్లోనే ఉంది. దాన్ని ఎవరూ రద్దు చేయలేదు, నాట్కో దొంగచాటుగానూ చేయలేదు. అంతా పేటెంట్ చట్టం ప్రకారమే జరిగింది.

[తెర మీద: ఒక పేటెంట్ పత్రం. పేజీలు తిరుగుతుంటాయి.]

పేటెంట్ అనగానే ఏదో తాళం వేసి దాచిన ఫార్ములా అనుకుంటాం. కానీ పేటెంట్ కావాలంటే ముందు ఆ ఫార్ములా బయటపెట్టాలి. ఆ రంగం తెలిసినవాళ్లు చదివి తయారు చేసుకోగలిగేంత వివరంగా రాయాలి. దరఖాస్తుదారుకు తెలిసిన అన్నిటికన్నా మంచి పద్ధతి ఏదో అదీ చెప్పాలి. ఆ పత్రం ఎవరైనా చదువుకోవచ్చు. బదులుగా, దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి 20 ఏళ్ల పాటు దాన్ని తయారు చేసే, అమ్మే హక్కు పేటెంట్‌దారుదే. గడువు తీరాక అది అందరిదీ.

ఈ రక్షణ అవసరమనే నేను గట్టిగా నమ్ముతాను. ఒక కొత్త మందు కోసం ఏళ్ల తరబడి పరిశోధనలు, వేల మంది మీద పరీక్షలు చేయాలి. మధ్యలో ఫెయిలైపోయే మందులే ఎక్కువ. నెగ్గిన ఆ ఒక్కదాన్నీ మర్నాడే ఎవరో కాపీ కొట్టి సగం ధరకు అమ్మేస్తే, ఇంకోసారి అంత డబ్బు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? పేటెంట్ లేకపోతే సొరాఫెనిబ్ వచ్చేదో లేదో కూడా చెప్పలేం.

అయితే ఈ హక్కు సొంత పొలం లాంటిది కాదు, కౌలు లాంటిది. గడువుంటుంది, షరతులుంటాయి, బీడు పెట్టి కూర్చుంటే కుదరదు. మన పేటెంట్ చట్టం 83వ సెక్షన్ చదవండి. సరుకును కేవలం దిగుమతి చేసుకుని గుత్తాధిపత్యం చెలాయించడానికి పేటెంట్లు ఇవ్వడం లేదని అందులో స్పష్టంగా రాసి ఉంది. నాకు ఈ చట్టంలో బాగా నచ్చిన వాక్యం అదే.

[తెర మీద: 1970, 2005 అనే అంకెలు.]

కొంచెం వెనక్కి వెళ్దాం. 1970 నాటి చట్టం మందులకు పేటెంట్ ఇవ్వలేదు, తయారీ పద్ధతికి మాత్రమే ఇచ్చింది. వేరే దారిలో అదే మందు చేయడం నేర్చుకునే హైదరాబాద్ ఫార్మా ఇంతగా ఎదిగింది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం వల్ల 2005 నుంచి మందుకే పేటెంట్ ఇవ్వాల్సి వచ్చింది. బేయర్‌కు ఇక్కడ పేటెంట్ వచ్చింది 2008 మార్చిలో.

[తెర మీద: సెక్షన్ 84 అన్న శీర్షిక.]

పేటెంట్ ఇచ్చి మూడేళ్లు దాటాక ఎవరైనా కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంట్‌దారు ఒప్పుకోకపోయినా తయారు చేసి అమ్ముకునే అనుమతి, అడగవచ్చని 84వ సెక్షన్ చెబుతుంది. ప్రజల అవసరం తీరకపోయినా, ధర అందుబాటులో లేకపోయినా, ఆ ఆవిష్కరణను మన దేశంలో ఆచరణలో పెట్టకపోయినా అడగవచ్చు. ముందుగా నాట్కో బేయర్‌నే లైసెన్స్ అడిగింది. బేయర్ ఒప్పుకోలేదు. 2011లో నాట్కో పేటెంట్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టింది.

ఇక్కడ కీలకమైంది ఫారం 27. పేటెంట్ ఉన్నవాళ్లు తమ ఆవిష్కరణను దేశంలో ఎంతవరకు వాడుకలోకి తెచ్చారో దీంట్లో ప్రభుత్వానికి చెప్పాలి. బేయర్ తానే ఇచ్చిన ఆ లెక్కలు కేసులో దానికే ఎదురు తిరిగాయి. మందు అవసరమైనవాళ్లలో సుమారు 2 శాతం మందికే అది అందినట్టు తేలింది. పేద రోగులకు రాయితీ పథకం ఉందని, పరిశోధన ఖర్చు చూడాలని బేయర్ వాదించింది. రెండో మాటలో న్యాయం ఉంది. కానీ మందు అందని మిగతా 98 శాతం మంది సంగతేమిటి?

2012 మార్చిలో అప్పటి పేటెంట్ ఆఫీసు అధిపతి, కంట్రోలర్ జనరల్ పి.హెచ్. కురియన్ లైసెన్స్ ఇచ్చారు. షరతులు గమనించండి. నాట్కో తన ఫ్యాక్టరీలోనే చేయాలి, హక్కును ఇంకొకరికి బదలాయించకూడదు. ఏటా కనీసం 600 మంది పేద రోగులకు ఉచితంగా ఇవ్వాలి. అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ బేయర్‌కు కట్టాలి. అప్పీలులో ఆ రాయల్టీని 7 శాతానికి పెంచారు. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా జోక్యానికి నిరాకరించింది. కనిపెట్టినవాళ్లకు రావలసింది వచ్చింది, రోగికి మందూ అందింది.

అలాగని అడిగినవాళ్లందరికీ ఇచ్చేయలేదు. హైదరాబాద్‌కే చెందిన లీ ఫార్మా, సాక్సాగ్లిప్టిన్ అనే షుగర్ మందు కోసం ఇలాగే అడిగితే 2016లో తిరస్కరించారు. జనానికి ఆ మందు నిజంగా అందడం లేదని చూపించలేకపోయింది. ఆ తిరస్కరణ కూడా సబబే అంటాను. ఆధారం లేకుండా లైసెన్సులు పంచితే కొత్త మందులు కనిపెట్టేవాళ్లే మిగలరు.

[తెర మీద: పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్ సెర్చ్ పేజీ.]

మీ ఇంట్లో ఎవరైనా ఖరీదైన మందు వాడుతున్నారా? చీటీ మీద బ్రాండ్ పేరు కాకుండా మందు అసలు పేరు చూసుకోండి. భారత పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో పేటెంట్లను ఉచితంగా వెతకవచ్చు. దరఖాస్తు తేదీకి 20 ఏళ్లు కలిపితే గడువు ఎప్పుడు తీరుతుందో తెలుస్తుంది. ఒకే మందు మీద రెండు మూడు పేటెంట్లు ఉండొచ్చు కాబట్టి అన్నీ చూడండి. ఇంకా మంజూరు కాని దరఖాస్తు కనిపించి, అందులో కొత్తదనం లేదని మీ దగ్గర ఆధారం ఉంటే, 25వ సెక్షన్ కింద ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. రోగుల సంఘాలు ఈ దారిలో ఇప్పటికే వెళ్లాయి. ఏ మందు వెతికారో, ఏం కనిపించిందో కామెంట్‌లో రాయండి.