ఇరవై అడుగుల పడవ అంటే ఏ పడవ?

అందరికీ నమస్కారం.

తెరచాప పడవ కొనాలనుకునేవాళ్లు ముందు పొడవు గురించే మాట్లాడతారు. "ఇరవై అడుగులదైతే చాలండీ, అంతకంటే పెద్దది మావల్ల కాదు" అంటారు. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉండి, వారాంతాల్లో నీళ్లమీదికి వెళ్దామనుకునే మనలాంటివాళ్లకు ఆ సైజు సరిపోతుంది, నిజమే. కానీ పొడవు చూసి పడవను అంచనా వేయలేం. ఇంచుమించు ఒకే పొడవున్న రెండు పడవల గురించి చెబుతాను: కాటలినా 22, ఫ్లికా 20.

కాటలినా ఫ్రాంక్ బట్లర్ డిజైన్. 1969లో మొదలై 15 వేలకు పైగా తయారయ్యాయి. ఈ దేశంలో ఏ సరస్సుకు వెళ్లినా ఒకటైనా కనబడుతుంది. ఫ్లికాను గీసినాయన బ్రూస్ బింగమ్. రోడ్ ఐలండ్ తీరంలో ఒకప్పుడు చేపలు పట్టిన న్యూపోర్ట్ పడవలే ఆయనకు నమూనా. పసిఫిక్ సీక్రాఫ్ట్ కంపెనీ వీటిలో చాలావాటిని కట్టింది. అన్నీ కలిపినా కొన్ని వందలే ఉంటాయి.

కాటలినా పొడవు 21.5 అడుగులు, ఫ్లికాది 20. ఇప్పుడు బరువులు చూడండి. కాటలినా వెయ్యి కిలోలకు కాస్త అటూ ఇటూ. దానికంటే పొట్టిదైన ఫ్లికా సుమారు 2,700 కిలోలు! మిగతా తేడాలన్నీ దాదాపుగా ఇక్కడినుంచి పుట్టినవే.

గాలి పలచగా ఉన్న రోజు సంగతి తీసుకుందాం. రెండింటి తెరచాపలూ కాస్త అటూ ఇటూగా ఒకే సైజు. కాటలినాకు 212 చదరపు అడుగులు, ఫ్లికాకు 240 పైన. అంత గుడ్డతో ఒకటి టన్ను లాగాలి, రెండోది రెండున్నర టన్నులకు పైగా లాగాలి. అయిదారు నాట్ల గాలికి, అంటే గంటకు పది కిలోమీటర్ల గాలికి, కాటలినా హాయిగా కదులుతుంది, ఫ్లికా ఆలోచిస్తూ కూర్చుంటుంది. గాలి పెరిగాక మాత్రం రెండూ ఒకచోటే ఆగుతాయి. ఇలాంటి పడవ గరిష్ఠ వేగం నీటిని తాకే పొడవును బట్టి ఉంటుంది. రెండింటికీ అది 18, 19 అడుగులే కాబట్టి ఆరు నాట్లకు కాస్త లోపే, అంటే గంటకు 11 కిలోమీటర్లు కూడా ఉండదు. కాబట్టి వేగం కోసం వీటిలో దేన్నీ కొనకండి.

కాటలినాలో నాకు బాగా నచ్చేది కీల్. అంటే పడవ అడుగున ఉండే బరువైన ఇనుప రెక్క, దాదాపు 250 కిలోలు. ఒక పిన్ను మీద వేలాడుతూ కిందికీ పైకీ ఊగుతుంది. క్యాబిన్ మెట్టు దగ్గర చిన్న వించి ఉంటుంది. హ్యాండిల్ తిప్పితే తీగ చుట్టుకుని రెక్క పైకొస్తుంది. అది కిందికి ఉన్నప్పుడు పడవకు 5 అడుగుల లోతు కావాలి, పైకెత్తితే 2 అడుగులు చాలు. వేగం అందుకున్నాక నీళ్లు ఆ తీగను ఒరుసుకుంటూ పోతుంటే పడవంతా సన్నగా జుమ్మంటుంది. కొత్తవాళ్లు ఏదో విరిగిందని కంగారుపడతారు. ఏమీ కాదు. హ్యాండిల్ విషయంలో మాత్రం అజాగ్రత్త వద్దు. రెక్క దింపేటప్పుడు చెయ్యి జారితే అది గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది.

రెండడుగుల నీళ్లలో తిరగగల పడవతో నది కాలువలుగా చీలే శాక్రమెంటో డెల్టా అంతా మీదే. కాలువల్లో రెల్లు పక్కన లంగరు వేసుకుని పిల్లల్ని ఈతకు దింపవచ్చు. విసుగేస్తే ట్రైలర్ ఎక్కించి వచ్చేవారం టాహో సరస్సుకు పోవచ్చు. ఒక మోస్తరు ఎస్‌యూవీ లాగుతుంది. ఫ్లికా కూడా ట్రైలర్ ఎక్కుతుంది, ఎనిమిదడుగుల వెడల్పే కదా. కానీ దాన్ని లాగాలంటే గట్టి పికప్ ట్రక్ కావాలి, నీళ్లలోంచి తీయడానికి చాలాసార్లు క్రేన్ కావాలి. ప్రతి వారాంతం చేసే పని కాదది.

మరి ఫ్లికా ఎందుకంటారా? వేసవి మధ్యాహ్నం గోల్డెన్ గేట్ వంతెన దగ్గరికి వెళ్లి చూడండి. తీరానికి లోపల ఉన్న మైదానం, సెంట్రల్ వ్యాలీ, వేడెక్కి గాలి పైకి లేస్తుంది. దాని స్థానంలోకి సముద్రం మీది చల్లగాలి ఆ ఇరుకు సందులోంచి దూసుకొస్తుంది. 20, 25 నాట్లు అక్కడ మామూలు. అదే సమయానికి ఆటు మొదలై నీళ్లు బయటికి లాగుతుంటే, గాలికి ఎదురు ప్రవాహం తగిలి అలలు గోడల్లా నిక్కుతాయి. అక్కడ కాటలినాను ప్రతి అల పట్టుకుని ఊపేస్తుంది. ఫ్లికా బరువుగా, నింపాదిగా దాటుతుంది. దాని కీల్ ఊగదు. పడవ అడుగంతా పొడుగ్గా, కదలకుండా ఉంటుంది, చుక్కాని దాని వెనకే భద్రంగా ఉంటుంది. లోపల 5 అడుగుల 11 అంగుళాల ఎత్తు. ఇరవై అడుగుల పడవలో నిలబడి ప్యాంటు తొడుక్కోవడం ఎంత సుఖమో రెండు రాత్రులు వంగి గడిపినవాళ్లకే తెలుస్తుంది. ఫ్లికాలతో మహాసముద్రాలు దాటినవాళ్లున్నారు.

మన హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య, విశాఖ అమ్మాయి స్వాతి 2017-18లో నౌకాదళం తరఫున తారిణి అనే తెరచాప పడవ మీద ప్రపంచాన్ని చుట్టొచ్చాక సముద్రం మీద మోజు చాలామందికి పట్టింది. సంతోషమే. కానీ తారిణి 56 అడుగులు, దాని మీద ఆరుగురు శిక్షణ పొందిన నావికులు.

నా మాట అడిగితే, ఈ హాల్లో ఎక్కువమందికి కాటలినానే. ఎక్కడో దూరం పోదామని ఫ్లికా కొని, ఏడాదంతా రేవులో కట్టేసి అద్దె కడుతున్నవాళ్లున్నారు. ధర కూడా కాటలినాకు కొన్ని రెట్లు. గోల్డెన్ గేట్ దాటి సముద్రం మీద హాఫ్ మూన్ బే దాకానో, డ్రేక్స్ బే దాకానో ఒంటరిగా వెళ్లి రావాలని నిజంగా మనసులో ఉంటే అప్పుడు ఫ్లికా గురించి ఆలోచించండి.

పాత పడవ చూడ్డానికి వెళ్లినప్పుడు కాటలినాలో ఆ కీల్ పిన్ను అరిగిందేమో, తీగ తుప్పు పట్టిందేమో ముందు చూడండి. ఫ్లికాల్లో కొన్నింటిని కంపెనీ పూర్తిగా కట్టలేదు. పడవ బయటి డొల్ల మాత్రం కొని, లోపలి పని ఇంటి దగ్గర సొంతంగా పూర్తిచేసుకున్నారు. కొన్ని బ్రహ్మాండంగా ఉంటాయి, కొన్నింట్లో వైరింగ్ చూస్తేనే టెన్షన్ వస్తుంది. లోపలి పని ఎవరు చేశారో అడగకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి.