రెండు మందులకూ చావని పరాన్నజీవి ఎక్కడిది?

[తెరపై: చేతిలో చిన్న కల్చర్ ఫ్లాస్క్]

నమస్తే. ఈ ఫ్లాస్క్‌లో ఉన్నవి లీష్మానియాలు, ఇసుక ఈగ కుట్టడం వల్ల వచ్చే కాలా అజార్ అనే ప్రాణాంతక జ్వరాన్ని తెచ్చే పరాన్నజీవుల కుటుంబం. మైక్రోస్కోప్ కింద సన్నగా, కోలగా, ముందు భాగాన ఒక కొరడా ఆడిస్తూ ఈదుతుంటాయి. ఒకటి నిలువునా చీలి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఆడా లేదు, మగా లేదు. వీటి సంతానం ఇంతేనని చాలాకాలం అనుకున్నారు.

మరి రెండు వేరువేరు కణాలు కలిసి బిడ్డను కంటాయా? లక్షల కణాల్లో ఏ రెండు కలిశాయో కంటితో పట్టుకోవడం కష్టం. అందుకే ఒక చక్కని ఉపాయం వేశారు. ఒక రకంలో హైగ్రోమైసిన్‌ను తట్టుకునే జన్యువు పెట్టారు, ఇంకో రకంలో మరో మందును తట్టుకునేది. రెండింటినీ కలిపి ఉంచి, తర్వాత రెండు మందులూ ఒకేసారి పోశారు. తల్లిదండ్రులిద్దరూ చావాల్సిందే. ప్లేట్‌లోని ఒక గుంతలో మాత్రం ఏదో ఈదుతోందనుకోండి, దానిలో ఇద్దరి జన్యువులూ ఉండాలి! మందు అలవాటై బతికిందేమో అన్న అనుమానం వస్తుంది కదా, అందుకే డీఎన్ఏ చదివి, క్రోమోజోముల్లో ఇద్దరి గుర్తులూ వెతుకుతారు.

2009లో అమెరికా పరిశోధకులు ఇలాంటి హైబ్రిడ్లను, అంటే ఇద్దరి జన్యువులూ ఉన్న సంతానాన్ని, ఇసుక ఈగ శరీరంలోంచి తీశారు. కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో పెంచినప్పుడు, మాత్రం అవి ఏళ్లపాటు సరిగా దొరకలేదు. 2022లో వచ్చిన పరిశోధనలో లీష్మానియా ట్రోపికా అనే జాతిని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో, గామా కిరణాలతో స్ట్రెస్‌కు గురిచేశారు. హైబ్రిడ్లు పుట్టడం పెరిగింది! కొన్ని కణాల్లో హ్యాప్2 అనే జన్యువు కూడా పనిచేస్తూ కనిపించింది. మలేరియా పరాన్నజీవిలోనూ, మొక్కల్లోనూ బీజకణాలు ఒకదానితో ఒకటి కలిసిపోవడానికి కావాల్సింది ఇదే. నాకైతే ఇది చిన్న ఆధారంగా అనిపించదు.

కానీ కలిసిపోవడం ఒక్కటే సరిపోదు. క్షయకరణ విభజనతో క్రోమోజోములు మళ్లీ సగం కావాలి. 2003లో లీష్మానియాకు బంధువైన ట్రిపనోసోమా క్రూజీ అనే పరాన్నజీవి హైబ్రిడ్లు కల్చర్ కణాల్లోనే పుట్టాయి, కానీ వాటిలో డీఎన్ఏ మామూలుకన్నా చాలా ఎక్కువగా ఉంది. కణాలు కలిసిపోయాయి, లెక్క మాత్రం పద్ధతిగా సగం కాలేదు. అందుకే లీష్మానియాల్లో ఆడామగా తరహా కలయిక ఉందా అంటే, నేను "బహుశా" అనే మాట వదలను.

ఇది ల్యాబ్ ముచ్చట మాత్రమే కాదు. బీహార్‌లో ఒకప్పుడు యాంటిమొనీ మందుకు కాలా అజార్ లొంగడం మానేసింది. ఒక మందుకు లొంగనిదీ, ఇంకో మందుకు లొంగనిదీ ఒకే ఇసుక ఈగలో ఎదురుపడ్డాయనుకోండి.

[తెరపై: రెండు మందులూ పోసిన గుంతలో ఈదుతున్న ఒక్క కణం]