షేక్‌స్పియర్: పరువు తక్కువని ఒకాయన వదిలేసుకున్న ఇంటిపేరు

[తెర మీద: పాత చేతిరాత రిజిస్టరు, లాటిన్ అక్షరాలు]

1487వ సంవత్సరం. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్, మెర్టన్ కాలేజీ. అక్కడి రిజిస్టర్లో హ్యూ సాండర్స్ అనే ఫెలో, అంటే కాలేజీ సభ్యుడైన పండితుడి పేరు దగ్గర లాటిన్‌లో ఒక చిన్న ముక్క రాసి ఉంటుంది. ఈయనకి ఇంతకుముందు వేరే ఇంటిపేరు ఉండేదట. అది నీచమైన పేరని జనం అనుకుంటారు కాబట్టి మార్చేశారట.

అలా వదిలించుకున్న పేరు షేక్‌స్పియర్.

అప్పటికి విలియం షేక్‌స్పియర్ పుట్టడానికి ఇంకా 77 ఏళ్లుంది. అంటే ఆ పేరు వినగానే ఎవరూ లేచి నిలబడే రోజులు కావవి. ఫలానా పల్లెటూరి రైతు కాబోలు అనుకునేవాళ్లు, అంతే. ఈ వీడియోలో నాటకాల జోలికి పోను, వాటి మీద ఎన్ని వీడియోలున్నాయో మీకే తెలుసు. నేను చెప్పబోయేది ఆ ఇంటిపేరు కథ. అది ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతులు మారింది, ఇప్పుడు ఎవరి దగ్గరుంది అన్నది.

[తెర మీద: మధ్యయుగపు సైనికుడి బొమ్మ, చేతిలో బల్లెం]

ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు ఒక్కరోజులో రాలేదు. 12వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం దాకా మెల్లమెల్లగా స్థిరపడ్డాయి. కొందరికి ఊరి పేరు, కొందరికి చేసే పని, కొందరికి తండ్రి పేరు ఇంటిపేరైంది. నాలుగో రకం ఎగతాళి పేర్లు. ఊళ్లో నలుగురూ కలిసి తగిలించిన పేరు మనవళ్ల దాకా అతుక్కుపోతుంది. షేక్‌స్పియర్ ఈ నాలుగో రకం. షేక్ అంటే ఊపడం, స్పియర్ అంటే బల్లెం. బల్లెం ఝళిపించేవాడు అన్నమాట.

ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. వాగ్‌స్టాఫ్ అంటే కర్ర ఆడించేవాడు. బ్రేక్‌స్పియర్ అంటే బల్లెం విరగ్గొట్టేవాడు. ఈ బ్రేక్‌స్పియర్ ఇంటిపేరున్న నికొలస్ అనే ఆయన 1154లో నాలుగో ఏడ్రియన్ పేరుతో పోప్ అయ్యాడు. ఇప్పటిదాకా పోప్ అయిన ఇంగ్లీషువాడు ఆయనొక్కడే. మంచినీళ్లు తాగేవాడు అనే అర్థం వచ్చే డ్రింక్‌వాటర్ అనే ఇంటిపేరు కూడా ఉంది. అది మెప్పో వెక్కిరింతో ఊళ్లోవాళ్లకే తెలియాలి.

మరి బల్లెం ఝళిపించేవాడంటే ఎవరు? సైనికుడా, రాజోద్యోగి ముందు ఆయుధం పట్టుకుని నడిచే బంట్రోతా, ఊరికే కయ్యానికి కాలు దువ్వేవాడా? పండితులు ఇవన్నీ చెబుతారు. ఇంకో బూతు అర్థం కూడా చెబుతారు. దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు, బల్లెం ఆకారం గుర్తు తెచ్చుకోండి చాలు. నన్నడిగితే మెర్టన్ కాలేజీ పెద్దమనిషి ఇబ్బంది పడింది అందుకేనేమో అనిపిస్తుంది.

ఈ పేరు ఫ్రెంచ్ వాళ్ల జాక్ పియర్ నుంచి వచ్చిందని ఒక కథ తిరుగుతుంటుంది. దానికి ఆధారం లేదు. అరబ్బుల్లో మరో ముచ్చట ఉంది. ఆయన అసలు పేరు షేక్ జుబైర్ అట, ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి షేక్‌స్పియర్ అయ్యిందట. 19వ శతాబ్దంలో సరదాగా పుట్టిన మాట ఇది. తర్వాత కొందరు సీరియస్‌గానే పట్టుకున్నారు, లిబియా పాలకుడు గడాఫీ కూడా అన్నాడు. షేక్ అనే ఇంటిపేరు గుంటూరులోనూ కడపలోనూ వీధికొకటి ఉంటుంది కాబట్టి మనకి ఈ జోకు ఇంగ్లీషువాళ్ల కంటే బాగా పేలుతుంది. అంతకుమించి అందులో ఏమీ లేదు.

[తెర మీద: ఇంగ్లండ్ మ్యాపు, నడిమధ్యన వార్విక్‌షైర్, దాని దిగువన గ్లోస్టర్‌షైర్]

రాతల్లో దొరికే తొలి షేక్‌స్పియర్ ఎవరో తెలుసా? ఒక దొంగ. 1248లో గ్లోస్టర్‌షైర్‌లోని క్లాప్టన్ అనే ఊరివాడు, పేరు విలియమే. దొంగతనం చేసినందుకు ఉరి తీశారు. ఏ వంశమైనా ఇలాంటి పూర్వీకుణ్ణి దాచిపెడుతుంది కానీ, కోర్టు కాగితాలు దాచవు కదా.

ఆ తర్వాత ఈ పేరు ఎక్కువగా కనబడేది పక్కనున్న వార్విక్‌షైర్‌లో. రోయింగ్టన్, రోక్సల్, బాల్సల్, స్నిటర్‌ఫీల్డ్ లాంటి చిన్న చిన్న పల్లెలు. పొలం పనులు చేసుకునేవాళ్లు, కౌలు రైతులు. స్నిటర్‌ఫీల్డ్‌లో రిచర్డ్ షేక్‌స్పియర్ అనే ఆయన రాబర్ట్ ఆర్డెన్ అనే భూస్వామి దగ్గర కౌలుకి చేసేవాడు. ఆయన కొడుకు జాన్ వ్యవసాయం వదిలేసి దగ్గర్లోని స్ట్రాట్‌ఫర్డ్ అనే టౌనుకి వెళ్లి, చేతి తొడుగులు కుట్టే వ్యాపారం పెట్టాడు. అక్కడితో ఆగకుండా తండ్రి ఎవరి భూమి కౌలుకి చేశాడో ఆ ఆర్డెన్ గారి అమ్మాయి మేరీనే పెళ్లి చేసుకున్నాడు. వీళ్ల కొడుకే మన విలియం.

స్ట్రాట్‌ఫర్డ్ రికార్డుల్లో జాన్ పేరు మొదటిసారి ఎందుకెక్కిందంటే, 1552 ఏప్రిల్‌లో హెన్లీ స్ట్రీట్‌లో అనుమతి లేనిచోట పెంటకుప్ప వేసినందుకు ఒక షిల్లింగు జరిమానా పడింది. పదహారేళ్ల తర్వాత అదే ఊరికి ఆయన బెయిలిఫ్, అంటే మన లెక్కలో మునిసిపల్ చైర్మన్ లాంటివాడు.

[తెర మీద: ఆరు సంతకాలు, ఒకదాని కింద ఒకటి]

ఇక స్పెల్లింగ్ సంగతి. ఇది నాకు భలే ఇష్టమైన భాగం.

1582 నవంబరు 27. వోర్సెస్టర్ బిషప్ ఆఫీసు రిజిస్టర్లో పెళ్లి లైసెన్సు నమోదైంది. పెళ్లికొడుకు విలియం షాక్స్‌పియర్, ఎక్స్ అక్షరంతో. పెళ్లికూతురు టెంపుల్ గ్రాఫ్టన్ ఊరికి చెందిన ఆన్ వేట్లీ. మర్నాడు అదే పెళ్లికి 40 పౌండ్ల పూచీకత్తు రాశారు. అందులో పెళ్లికొడుకు విలియం షాగ్‌స్పియర్, జీ అక్షరంతో. పెళ్లికూతురు ఆన్ హాథ్‌వే, స్ట్రాట్‌ఫర్డ్! ఒక్క రాత్రిలో ఇద్దరి పేర్లూ మారిపోయాయి. ఆన్ వేట్లీ అనే ఇంకో అమ్మాయి ఉండేదని ప్రేమకథలు అల్లినవాళ్లున్నారు. గుమాస్తా పొరపాటు అనుకుంటే సరిపోతుంది.

ఆయన చేత్తో పెట్టిన సంతకాలు ఆరు మిగిలాయని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. 1612లో కోర్టులో ఇచ్చిన సాక్ష్యం కింద ఒకటి, 1613లో లండన్‌లో ఇల్లు కొన్న కాగితాల మీద రెండు, 1616 వీలునామా మీద మూడు. ఈ ఆరింటిలో ఒక్కదాంట్లో కూడా ఇవాళ మనం పుస్తకాల మీద చూసే స్పెల్లింగు లేదు. కొన్నిచోట్ల సగంలోనే ఆపేశాడు. ఇవాళ బ్యాంకులో అయితే చెక్కు వెనక్కి వచ్చేది.

మరి ఈ స్పెల్లింగ్ ఎక్కడిది? అచ్చాఫీసుది. 1593లో ఆయన పేరుతో తొలి కావ్యం అచ్చయ్యింది. అచ్చువేసిన రిచర్డ్ ఫీల్డ్ కూడా స్ట్రాట్‌ఫర్డ్ వాడే. అందులో ఇవాళ్టి పూర్తి స్పెల్లింగు (Shakespeare) కనిపిస్తుంది. దీనికి అచ్చు పని తెలిసినవాళ్లు చెప్పే కారణం ఒకటుంది. అప్పటి వాలు అచ్చులో కే అక్షరానికి తోక, పక్కన వచ్చే పొడుగు ఎస్ అక్షరానికీ తోక. సీసపు అచ్చులు రెండూ పక్కపక్కన పెడితే తోకలు గుద్దుకుని విరిగిపోయేవి. మధ్యలో ఒక E అక్షరమో, అడ్డగీతో పెడితే గొడవ వదిలిపోతుంది. 1609లో వచ్చిన పద్యాల పుస్తకం మీద పేరు మధ్యలో అడ్డగీతే ఉంటుంది. ఆ గీతని చూపించి, అది మారుపేరు, ఆ నాటకాలు రాసింది వేరే ఎవరో అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

1873లో లండన్‌లో న్యూ షేక్‌స్పియర్ సొసైటీ పెట్టినప్పుడు, ఆయన సంతకాన్ని గౌరవించాలంటూ పొట్టి స్పెల్లింగే (Shakspere) వాడారు. ఈ తగువు తేలడానికి 20వ శతాబ్దం రావాల్సి వచ్చింది.

[తెర మీద: కుటుంబ చిహ్నం. బంగారు రంగు డాలు, నల్లటి పట్టీ మీద బల్లెం, పైన డేగ]

1596 అక్టోబరు 20న జాన్ షేక్‌స్పియర్‌కి కుటుంబ చిహ్నం మంజూరైంది. డాలు మీద బల్లెం, పైన రెక్కలు విప్పిన డేగ, దాని కాలిలో ఇంకో బల్లెం. వంద ఏళ్ల క్రితం సిగ్గుపడి వదిలేసిన పేరునే ఇక్కడ బొమ్మ గీసి మరీ గర్వంగా తగిలించుకున్నారు. దీనికీ ఏడ్చినవాళ్లున్నారు. 1602లో చిహ్నాల శాఖలోనే ఒక అధికారి, ఇలాంటి అల్పులకి కూడా ఇస్తారా అని జాబితా తయారు చేశాడు. అందులో ఈ చిహ్నం బొమ్మ గీసి, కింద 'షేక్‌స్పియర్ అనే ఆటగాడు' అని రాశారు. ఆటగాడంటే వేషాలు కట్టేవాడు అని.

అయితే కుటుంబ చిహ్నం కొడుకులకి, మనవళ్లకి దక్కాల్సిన ఆస్తి. విలియం ఒక్కగానొక్క కొడుకు హామ్‌నెట్‌ని ఆ ఏడాది ఆగస్టులోనే, పదకొండేళ్ల వయసులో, సమాధి చేశారు. చిహ్నం వచ్చేసరికి దాన్ని మోసే పిల్లవాడు లేడు.

తమ్ముళ్ల దారిలోనైనా పేరు నిలిచిందా అంటే అదీ లేదు. చిన్న తమ్ముడు ఎడ్మండ్ కూడా నటుడే. 1607లో వేసవిలో పసిబిడ్డ పోయాడు, డిసెంబరు చివర్లో తనూ పోయాడు. సదక్ చర్చిలో అంత్యక్రియలకి పెద్ద గంట మోగించడానికి 20 షిల్లింగులు కట్టారు. గిల్బర్ట్ 1612లో, రిచర్డ్ 1613లో పోయారు. 1616లో విలియం. అదే ఏడాది నవంబరులో చిన్నకూతురు జుడిత్‌కి మగబిడ్డ పుడితే, పుట్టింటి పేరు పోకూడదనే కాబోలు, షేక్‌స్పియర్ క్వీనీ అని పేరు పెట్టింది. ఆరు నెలలకే ఆ బిడ్డా పోయాడు. పెద్దకూతురు కూతురు ఎలిజబెత్ 1670లో పిల్లలు లేకుండా కన్నుమూయడంతో విలియం సంతతి మొత్తం ముగిసిపోయింది.

కాబట్టి నేను షేక్‌స్పియర్ వంశస్థుణ్ణి అని ఎవరైనా అంటే నమ్మకండి. రక్తసంబంధం మిగిలింది చెల్లెలు జోన్ వైపు. ఆమె హార్ట్ ఇంటి కోడలు, కాబట్టి వాళ్ల ఇంటిపేరు హార్ట్. ఆయన పుట్టిన ఇల్లు 1806 దాకా ఈ హార్టుల చేతిలోనే ఉంది, తర్వాత అమ్మేశారు.

[తెర మీద: పాత పుస్తకం ముఖచిత్రం, హిందుస్థానీ వ్యాకరణం]

ఆయన వాళ్లు లేకపోయినా ఇంటిపేరు మాత్రం వేరే కొమ్మల్లో బతికే ఉంది. లండన్ తూర్పున షాడ్‌వెల్‌లో ఓడలకి తాళ్లు పేనే షేక్‌స్పియర్ కుటుంబం ఒకటి బాగా సంపాదించి, తరాల తరబడి ఈస్టిండియా కంపెనీ కొలువులకి వచ్చింది. వీళ్లు స్పెల్లింగ్ చివర E అక్షరం రాయరు. కలకత్తా నుంచి 1816లో చదువు కోసం ఇంగ్లండ్ ఓడెక్కిన ఇద్దరు పిల్లల్లో ఒకడు రిచ్మండ్ షేక్‌స్పియర్, ఇంకొకడు అతని మేనమామ కొడుకు, తర్వాతి కాలపు నవలాకారుడు విలియం మేక్‌పీస్ థాకరే. ఈ రిచ్మండే 1840లో మధ్య ఆసియాలోని ఖీవా ఖాన్‌తో మాట్లాడి, బానిసలుగా ఉన్న 416 మంది రష్యన్లని విడిపించి, ఎడారి దాటించి తీసుకెళ్లాడు. పంజాబ్‌లో పుట్టిన మరో కెప్టెన్ షేక్‌స్పియర్, సౌదీ అరేబియా స్థాపకుడు ఇబ్న్ సౌద్‌కి స్నేహితుడు. 1915 జనవరిలో జరాబ్ యుద్ధంలో ఆయన పక్షాన ఉండగా తూటా తగిలి చనిపోయాడు.

మనకి కాస్త దగ్గరగా వచ్చే షేక్‌స్పియర్ ఇంకొకాయన. జాన్ షేక్‌స్పియర్, లీస్టర్‌షైర్‌లో ఒక చిన్న రైతు కొడుకు. కంపెనీ సైనికాధికారులు తయారయ్యే అడిస్కోంబ్ కాలేజీలో 1809 నుంచి ఇరవై ఏళ్లు హిందుస్థానీ ప్రొఫెసర్. 1813లో వ్యాకరణం, 1817లో నిఘంటువు అచ్చు వేశాడు. 1818లో అదే కాలేజీలో చేరిన కుర్రాళ్లలో ఆర్థర్ కాటన్ ఒకడు. అవును, ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొరే. గోదావరి జిల్లాల వాళ్లు ఇంట్లో ఫోటో పెట్టుకునే ఆ దొర చదువుకున్న చోట హిందుస్థానీ ప్రొఫెసరు ఇంటిపేరు షేక్‌స్పియర్. ఈ ప్రొఫెసర్ గారే 1856లో స్ట్రాట్‌ఫర్డ్‌లోని కవి ఇంటి రక్షణకి 2,500 పౌండ్లు విరాళం ఇచ్చాడు. అప్పట్లో అది చిన్న మొత్తం కాదు.

[తెర మీద: ఇప్పటి బర్మింగ్‌హామ్, కవెంట్రీ వీధులు]

ఇవాళ ఇంగ్లండ్‌లో ఈ పేరు అరుదే, కానీ అంతరించిపోలేదు. ఎక్కువగా దొరికేది పాత చోటే, వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో. చిత్రకారుడు పెర్సీ షేక్‌స్పియర్ డడ్లీ వాడు. లీస్టర్ సిటీ ఫుట్‌బాల్ మేనేజరుగా చేసిన క్రెయిగ్ షేక్‌స్పియర్ బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. ఎనిమిది వందల ఏళ్లలో ఈ పేరు పెద్దగా కదల్లేదు.

కదిలిన చోట మాత్రం చాలా దూరం వెళ్లింది. న్యూ ఆర్లియన్స్ నగరానికి 19వ శతాబ్దంలో జోసెఫ్ షేక్‌స్పియర్ మేయరు. జమైకా రెగే సంగీతంలో బేస్ గిటార్ అంటే రాబీ షేక్‌స్పియర్, 2021లో పోయాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 1936లో జరిగిన మొట్టమొదటి డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట, మూడో ఆటగాడిగా ఎంపికైంది బిల్ షేక్‌స్పియర్. యూగవ్ అనే సర్వే సంస్థ పెట్టినవాళ్లలో ఒకరైన స్టీఫన్ షేక్‌స్పియర్ పుట్టింది జర్మనీలో, కుకోవ్‌స్కీ అనే ఇంటిపేరుతో. పెళ్లయ్యాక భార్య ఇంటిపేరు తను పెట్టుకున్నాడు.

ఇక 2020 డిసెంబరు 8. కవెంట్రీ ఆస్పత్రిలో ట్రయల్స్ బయట ఫైజర్ కోవిడ్ టీకా ప్రపంచంలోనే మొదట తీసుకున్నది మార్గరెట్ కీనన్ అనే పెద్దావిడ. రెండో మనిషి 81 ఏళ్ల వార్విక్‌షైర్ తాత, పేరు విలియం షేక్‌స్పియర్. సోషల్ మీడియా జనానికి పండగే పండగ, నాటకాల పేర్లన్నీ టీకా జోకులైపోయాయి. 2021 మేలో ఆయన స్ట్రోక్‌తో పోయారు, టీకాకి సంబంధం లేదు. అర్జెంటీనాలో ఒక న్యూస్ యాంకర్ మాత్రం ఆ వార్తని ఎంతో బాధగా చదివింది: ఇంగ్లీషు భాషలోని అతి గొప్ప రచయితల్లో ఒకరు, ఫైజర్ టీకా తీసుకున్న తొలి పురుషుడు, కన్నుమూశారని.